నర్సు కన్ను, నర్సు చదువు

శుభ్రమైన, పొడిగా ఉన్న చిన్న గాజు గొట్టం. పాము కరిచిందని తీసుకొచ్చిన మనిషి నుంచి 2 మిల్లీలీటర్ల రక్తం తీసి అందులో పోస్తారు. 20 నిమిషాలు దాన్ని కదపకూడదు. ఆ తర్వాత మెల్లగా ఒంచి చూస్తారు. రక్తం గడ్డకట్టి ఉంటే కొంత ఊరట. నీళ్లలా జారిపోయిందా, రక్తపింజర లాంటి పాము విషం ఒంట్లో పని మొదలుపెట్టినట్టే. వెంటనే విరుగుడు మందు ఎక్కించాలి. ఈ పరీక్షకు యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. గడియారం కావాలి, గొట్టం కావాలి, పక్కనే ఒక మనిషి ఉండాలి. ఆ గొట్టం ప్లాస్టిక్‌ది కాకూడదనీ, సబ్బుతో కడిగినదైతే ఫలితం తారుమారవుతుందనీ ఆ మనిషికి తెలిసి ఉండాలి. చాలా ఆసుపత్రుల్లో ఆ మనిషి నర్సే.

విరుగుడు మందు మొదలుపెట్టగానే ఆమె పని తీరిపోదు. నిజానికి అసలు పని అప్పుడే మొదలవుతుంది. గుర్రాల రక్తం నుంచి తయారయ్యే మందు అది. కొందరి ఒంటికి పడదు. మొదట ఒళ్లు దురదపెడుతుంది, దద్దుర్లు వస్తాయి, ఆయాసం వస్తుంది, బీపీ పడిపోతుంది. అడ్రినలిన్ సిరంజిలోకి ఎక్కించి పక్కన పెట్టుకుని, మొదటి చుక్కల నుంచే రోగి ముఖాన్ని చూస్తూ ఉండాలి. పసిపిల్లకైనా పెద్దవాడికైనా మందు మోతాదు ఒకటే అన్న సంగతి చాలామందికి వింతగా ఉంటుంది. మనిషిని చూసి పాము విషం తగ్గించి ఎక్కించదు కదా!

కట్లపాము సంగతి వేరు. దాని కాటుకు నొప్పి ఉండదు, వాపు ఉండదు. నేలమీద పడుకున్న కూలీ తెల్లారేసరికి కడుపునొప్పి అంటాడు, రెప్పలు బరువుగా ఉన్నాయంటాడు. ఒక్క గుక్కలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలడో నర్సు లెక్కపెట్టిస్తుంది. మొదట ముప్పైదాకా వచ్చినవాడు గంట తర్వాత పదిహేను దగ్గర ఆగిపోతే, ఊపిరి తీసే కండరాలు సడలిపోతున్నాయని అర్థం. డాక్టరును పిలవాల్సింది, ఊపిరి గొట్టం సిద్ధం చేయాల్సింది అప్పుడే, మనిషి నీలంగా మారిన తర్వాత కాదు.

పల్నాడులో ఇవి పాఠ్యపుస్తకంలోని ఉదాహరణలు కావు. నాగార్జునసాగర్ కుడిగట్టున ఉన్న విజయపురి సౌత్ నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి పోవాలంటే మాచర్ల, పిడుగురాళ్ల, సత్తెనపల్లి దాటాలి. ఒకపక్క జలాశయం, ఒకపక్క నల్లమల అంచు, మధ్యలో సుగాలీ తండాలు, చేపలు పట్టేవాళ్ల ఇళ్లు. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశాక ప్రాజెక్టు పనివాళ్ల కోసం పెరిగిన ఊరు ఇది. 1967లో కాలువల్లోకి నీళ్లు వదిలారు. కుడికాలువ కింద చేలు తడిశాయి, మిరప, పత్తి విరివిగా పండాయి. వాటి వెంటే పురుగుమందు డబ్బా కూడా ఇంట్లోకి వచ్చింది.

ఆ డబ్బా తెచ్చిన పని ఎలాంటిదో పల్నాడు ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీ చేసిన ఏ నర్సునడిగినా చెబుతుంది. పురుగుమందు తాగినవాడు వస్తాడు, లేదా గాలికి ఎదురుగా మందు కొట్టి ఒళ్లంతా తడుపుకున్నవాడు వస్తాడు. నోటివెంట చొంగ, ఒళ్లంతా చెమట, గుండుసూది మొనంత కుంచించుకుపోయిన కంటిపాపలు, ఛాతీలో గురగుర. ముందు బట్టలు తీసేసి ఒళ్లు కడగాలి. చేతికి తొడుగు లేకుండా కడిగితే ఆ విషం కడిగేవాళ్లకూ ఎక్కుతుంది. అట్రోపిన్ ఇస్తారు, చాలకపోతే 5 నిమిషాలకోసారి మోతాదు రెట్టింపు చేస్తారు. ఎంతవరకు? ఛాతీలో గురగుర పోయేవరకు, చంక పొడిబారేవరకు, నాడి 80 దాటేవరకు. అక్కడ ఆపకుండా మందు ఎక్కువైతే ఇంకో ప్రమాదం: జ్వరం వస్తుంది, మనిషి పొంతనలేని మాటలు మాట్లాడతాడు, గాలిలో ఏవో ఏరుతున్నట్టు చేతులాడిస్తాడు, కడుపు కదలిక ఆగిపోతుంది. మందు ఇంకా చాలలేదా, ఎక్కువైందా అన్నది తేలేది ఆ మంచం పక్కనే. పది నిమిషాలకోసారి చూసి కాగితం మీద రాసేది నర్సు. డాక్టరు నిర్ణయం ఆ కాగితం మీద ఆధారపడుతుంది.

వేసవిలో ఇదే పల్నాడులోని రెంటచింతల ఎండ గురించి రేడియో వార్తల్లో వినని తెలుగువాడు లేడు. వడదెబ్బ తగిలిన మనిషికి జ్వరం బిళ్ల వేసి దుప్పటి కప్పే చుట్టాలు ఇప్పటికీ ఉన్నారు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి స్పృహ తప్పుతుంటే ఆ బిళ్ల పనిచేయదు. ఒళ్లు తడిపి గాలి తగిలేలా చేయాలి, ఆ పని నిమిషాల్లో జరగాలి. ఇది కూడా నర్సు చదువులో భాగమే.

నర్సు అంటే ఓర్పు, జాలి, సేవ అని పొగడటం మన అలవాటు. ఆ పొగడ్తలో కొంత మోసం ఉంది. ఓర్పు మాత్రమే చాలితే చదువెందుకు, జీతమెందుకు అన్న ప్రశ్న వెనకాలే వస్తుంది. జాలి సెలైన్ చుక్కలు లెక్కపెట్టదు. 500 మిల్లీలీటర్ల సెలైన్ 4 గంటల్లో ఎక్కించాలని డాక్టరు రాశారనుకుందాం. గంటకు 125 మిల్లీలీటర్లు. 20 చుక్కలు ఒక మిల్లీలీటరయ్యే సెట్టయితే నిమిషానికి సుమారు 42 చుక్కలు. గుండె బలహీనంగా ఉన్న ముసలాయనకు అదే సీసా గంటలో ఎక్కిపోతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఒక్క భాగహారం తప్పితే జరిగేది అది. లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్న పిల్లలకు మొదటి ఏడాదిలోనే ఈ సంగతి తెలిసొస్తుంది.

సూది మందు ఇచ్చేముందు ఐదు విషయాలు సరిచూసుకోవాలని ప్రతి నర్సింగ్ విద్యార్థికీ నేర్పుతారు: రోగి ఈయనేనా, మందు ఇదేనా, మోతాదు ఇంతేనా, ఇచ్చే దారి ఇదేనా, సమయం అయిందా. వినడానికి చిన్నపిల్లల పాఠంలా ఉంటుంది. ఒకే వార్డులో ఇద్దరు వెంకటేశ్వర్లు పక్కపక్క మంచాల్లో ఉన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఈ చదువు గుంటూరు ప్రాంతానికి వచ్చిన కథ పెద్దదే. అమెరికా నుంచి లూథరన్ మిషనరీ హెయర్ 1842లో గుంటూరు చేరారు. తర్వాత వైద్యం కూడా నేర్చుకుని వచ్చి గురజాల వైపు పల్నాడులో పనిచేశారు. 1883లో డాక్టర్ అన్నా సారా కూగ్లర్ వచ్చారు. ఆమెను పంపింది వైద్యం చేయడానికి కాదు, బడుల్లోనూ ఇళ్లలోనూ ఆడవాళ్లకు చదువు చెప్పడానికి. కానీ పరదా చాటున, పురిటిమంచం మీద మగ డాక్టరును రానివ్వని ఇళ్లలో ఆడవాళ్లు చనిపోవడం చూసి ఆమె మందుల పెట్టె వదల్లేదు. 1898లో గుంటూరులో ఆడవాళ్లకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు. అదే ఇవాళ్టి కూగ్లర్ ఆసుపత్రి. ఏలూరు జమీందారు భుజంగరావు అక్కడికి వచ్చే రోగుల బంధువుల కోసం వసతిగృహం కట్టించారు. మన దేశంలో రోగి ఒక్కడే ఆసుపత్రికి రాడని, వెంట సగం ఇల్లు వస్తుందని ఆయనకు తెలుసు.

అయితే డాక్టరొక్కరే ఆసుపత్రిని నడపలేరు. అమెరికాలో నర్సుగా శిక్షణ పొందిన క్యాథరిన్ ఫాస్ కూగ్లర్‌తో చేరి స్థానిక అమ్మాయిలకు పని నేర్పారు. ఎవరా అమ్మాయిలు? పరాయివాళ్ల మలమూత్రాలు ఎత్తడం, పుండ్లు కడగడం, పురుడు పోయడం మైల అనుకున్న కులాలు తమ కూతుళ్లను పంపలేదు. కొత్తగా క్రైస్తవం తీసుకున్న దళిత కుటుంబాల పిల్లలు ఎక్కువగా వచ్చారు. ఊరి బావి దగ్గరికి రానివ్వని ఇంటి పిల్ల తెల్లబట్టలు కట్టి, జ్వరం కొలిచే గొట్టం చేతపట్టుకుని పెద్దింటి ఆడవాళ్ల మంచం పక్కన నిలబడింది. తెలుగునేల మీద ఆడవాళ్ల ఉద్యోగాల చరిత్ర రాసేవాళ్లు టీచరమ్మల దగ్గర ఆగిపోతారుగానీ, ఈ అమ్మాయిల దగ్గరికి రారు.

1920లో ఆస్ట్రేలియా నుంచి మరో డాక్టరు గుంటూరుకు వచ్చారు. మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివిన మేరీ గ్లౌరీ ఆమె. జె.ఎం.జె. సిస్టర్ల సమాజంలో చేరి, సన్యాసినిగా ఉంటూనే వైద్యం చేయడానికి పోపు అనుమతి పొందారు. చిన్న మందుల గదిగా మొదలైన చోట సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి పెరిగింది. స్థానిక ఆడవాళ్లను నర్సులుగా, మంత్రసానులుగా, మందులు కలిపేవాళ్లుగా తయారుచేయడం ఆమె పట్టుదల. 1943లో దేశంలోని కాథలిక్ ఆసుపత్రుల కోసం ఒక సంఘాన్ని స్థాపించారు. 1957లో బెంగళూరులో కన్నుమూశారు.

విజయపురి సౌత్ వాళ్లు ఇక్కడ ఇంకా వెనక్కి వెళ్లాలని అనవచ్చు, వాళ్ల మాటా నిజమే. లాంచీ ఎక్కితే చేరే నాగార్జునకొండ, ఇక్ష్వాకుల విజయపురి. అక్కడి విహారాల తవ్వకాల్లో దొరికిన ఒక శాసనంలో విగతజ్వరాలయం అన్న మాట ఉంది. జ్వరంతో బాధపడేవాళ్లను ఉంచి చూసుకున్న చోటని పరిశోధకులు భావించారు. అక్కడ రోగుల పక్కన కూర్చున్నదెవరో, వాళ్లకు నేర్పిందెవరో శాసనం చెప్పదు.

ఇరవయ్యో శతాబ్దానికి తిరిగి వస్తే, అసలు కొరత ఎంతో దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ 1946లో తేల్చి చెప్పింది. దేశం మొత్తానికి శిక్షణ పొందిన నర్సులు సుమారు 7,000 మంది. 43,000 మంది జనానికి ఒక నర్సు. అదే ఏడాది వెల్లూరులోనూ ఢిల్లీలోనూ నర్సింగులో డిగ్రీ చదువు మొదలైంది. మరుసటి ఏడాది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. దాని స్థానంలో కొత్తగా నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది.

ఇప్పుడు చదువుల సంగతి. ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. బీఎస్సీకి ఇంటర్లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు ఉండాలి, 17 ఏళ్లు నిండాలి. జీఎన్ఎంకు ఏ గ్రూపు చదివినా అవకాశం ఉంది. జీఎన్ఎం చేసినవాళ్లు మరో రెండేళ్లు చదివి డిగ్రీ తెచ్చుకోవచ్చు. ఆపైన ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కాలేజీలు విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద నడుస్తాయి. ప్రవేశాల పద్ధతి ఏటేటా మారుతూ ఉంటుంది కాబట్టి పక్కింటి అక్కయ్య చేరినప్పటి నిబంధన మీద కాకుండా ఆ ఏటి ప్రకటన మీద ఆధారపడటం మంచిది.

2021 నుంచి బీఎస్సీ ఎనిమిది సెమిస్టర్లయింది. శరీర నిర్మాణం, పోషకాహారం, సూక్ష్మజీవులు, మందుల శాస్త్రం, మానసిక ఆరోగ్యం, పిల్లల సంరక్షణ, కాన్పు, ఊరి ఆరోగ్యం, చివరికి పరిశోధన, గణాంకాలు కూడా ఉన్నాయి. ఎనిమిదో సెమిస్టరు పూర్తిగా ఆసుపత్రిలోనే. ఫోరెన్సిక్ నర్సింగ్ అన్న పాఠం కూడా చేరింది. అత్యాచారం జరిగిన అమ్మాయిని మొదట పలకరించేది తరచూ నర్సే. ఆ అమ్మాయి బట్టలు ఉతికేస్తే, గాయం తుడిచేస్తే కోర్టులో సాక్ష్యం ఉండదు. ఇంతకాలం ఈ సంగతి ఎవరూ నర్సుకు పద్ధతిగా చెప్పలేదు.

ఈ పాఠాలన్నీ తరగతి గదిలో సగమే. మిగతా సగం మంచం పక్కన నేర్చుకోవాలి. అందుకే కాలేజీకి 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలనీ, ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులుండాలనీ కౌన్సిల్ నియమం. ఇక్కడే తల్లిదండ్రులు మోసపోతారు. భవనం అద్దాలు చూస్తారు, బస్సు రంగు చూస్తారు, ఫీజు వాపసు వస్తుందా అని అడుగుతారు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. పిల్లలు ఏ ఆసుపత్రికి వెళతారు? రోజూ వెళతారా, తనిఖీ రోజు మాత్రమేనా? కాన్పుల గదిలో నెలకు ఎన్ని కాన్పులవుతాయి? నైట్ డ్యూటీ ఉందా? మూడో ఏడాది చదువుతున్న అమ్మాయిని పక్కకు పిలిచి, నిన్న ఏం చేశావమ్మా అని అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. రబ్బరు బొమ్మ మీద తప్ప సూది వేయని పట్టా చేతికి రావడం ఎవరికీ మంచిది కాదు, ఆ పట్టా పట్టుకున్నవాళ్లకు అసలే మంచిది కాదు.

నర్సు చదువుకు ఉన్న బలం చూడాలంటే తెలంగాణ వైపు చూడాలి. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ చొరవతో 2011లో కాన్పుల నర్సుల శిక్షణ మొదలుపెట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్ దానితో చేతులు కలిపాయి. కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో, అప్పటికే నర్సులుగా ఉన్న 30 మందికి 18 నెలల ప్రత్యేక శిక్షణ మొదలైంది. నొప్పులు పడుతున్న తల్లిని వెల్లకిలా పడుకోబెట్టి కేకలేయకుండా, నడవనిచ్చి, కూర్చోనిచ్చి, పక్కన ఒక తోడును ఉంచి, తొందరపడి కోత పెట్టకుండా కాన్పు చేయడం వాళ్లకు నేర్పారు. బిడ్డ బయటికి రాగానే ఒక నిమిషంలోపు తల్లికి ఆక్సిటోసిన్ ఇవ్వడం, రక్తం పోవడాన్ని అంచనా కట్టడం కూడా. ఆపరేషన్ కాన్పుల్లో దేశంలోనే ముందున్న రాష్ట్రం ఈ పనికి ముందుకు రావడం వింతేమీ కాదు, అవసరం అక్కడే ఎక్కువ. తర్వాత ఈ శిక్షణను దేశమంతా నడపాలని కేంద్రం 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది.

పల్నాడులో మార్పు ఊరి మధ్యనే కనిపిస్తోంది. గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లను మిడ్‌లెవల్ హెల్త్ ప్రొవైడర్లుగా నియమించారు. బీపీ, షుగరు చూస్తారు, మందులిస్తారు, ఫోన్ తెర మీద డాక్టరును చూపించి సలహా ఇప్పిస్తారు. 2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పథకంలో డాక్టరు నెలకు రెండుసార్లు ఊరికి రావాలని పెట్టారు. మిగతా రోజులన్నీ కేంద్రంలో ఉండేది ఈ నర్సే. ప్రభుత్వాలు మారినప్పుడు కేంద్రాల మీద పేరు, రంగు మారుతుంటాయి. షుగరు బిళ్ల మానేసిన ముసలమ్మ ఇంటికి వెళ్లి ఎందుకు మానేశావని అడిగే పని మాత్రం మారదు.

విజయపురి సౌత్‌లోని ప్రభుత్వ గురుకుల జూనియర్ కళాశాల మగపిల్లలది. జిల్లాల్లోని తెలివైన పిల్లలను ఏరుకొచ్చి చదివిస్తుంది. అక్కడ బైపీసీ పిల్లవాడిని ఏమవుతావని అడిగితే డాక్టరంటాడు. సీటు రాకపోతే ఏమిటన్నదానికి సాధారణంగా జవాబు ఉండదు. నర్సింగు ఆడవాళ్ల పనని ఇళ్లలో అనుకుంటారు. ఎయిమ్స్‌లలో నర్సింగ్ ఆఫీసర్ల నియామకాల్లో 80 శాతం ఆడవాళ్లకు, 20 శాతం మగవాళ్లకు కేటాయించారు. మూల వేతనం 44,900 రూపాయల దగ్గర మొదలవుతుంది. మంగళగిరిలోనే ఒక ఎయిమ్స్ ఉంది. అత్యవసర విభాగంలో, మానసిక వైద్యశాలలో, ఆపరేషన్ థియేటర్లో మగ నర్సుల అవసరం ఎప్పుడూ ఉన్నదే.

ప్రైవేటు ఆసుపత్రుల జీతం మాట ఎత్తితే గొంతు మారుతుంది. సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో ఏర్పడిన కమిటీ లెక్క కట్టి చెప్పింది: 200 పడకలు దాటిన ఆసుపత్రి రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి, 50 పడకలలోపు చిన్న ఆసుపత్రి అయినా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదు. అమలు రాష్ట్రాల చేతుల్లో పెట్టారు. మన పట్టణాల్లో అంతకన్నా తక్కువకు పనిచేస్తున్నవాళ్లు కొల్లలు. సాధారణ ఆసుపత్రి వార్డులో ఐదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలన్న కౌన్సిల్ కొలమానం ఏపాటి అమలవుతోందో కూడా రాత్రి పది దాటాక ఏ వార్డులోనైనా వెళ్లి చూసుకోవచ్చు. గొట్టం దగ్గర 20 నిమిషాలు నిలబడమని చెప్పడం తేలిక. ముప్పైమంది రోగుల మధ్య ఒక్కతే ఉన్నప్పుడు ఆమె ఎక్కడ నిలబడాలి?

అందుకే చాలామంది చూపు విదేశాల మీద ఉంది. గల్ఫ్‌కు ప్రోమెట్రిక్ పరీక్ష, అమెరికాకు ఎన్‌క్లెక్స్, ఇంగ్లండుకు ఇంగ్లిషు పరీక్షతోపాటు నర్సింగ్ పని చేసి చూపించే పరీక్ష. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే జర్మన్ భాష బీ2 స్థాయికి నేర్చుకోవాలి. అందుకు ఏడాదిపాటు పట్టుదలగా చదవాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టాంకామ్ ప్రభుత్వ సంస్థలు. విదేశీ ఉద్యోగాల వివరాలు చెబుతాయి. నర్సులను దళారులు దోచుకుంటున్నారన్న ఫిర్యాదుల తర్వాత 2015లో కేంద్రం గల్ఫ్‌తోపాటు పలు దేశాలకు నర్సుల నియామకం ప్రభుత్వ ఏజెన్సీల ద్వారా జరగాలని ఆదేశించింది. పట్టా చేతికి రాగానే రాష్ట్ర కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. ఆ నంబరు లేనిదే పిడుగురాళ్లలోనైనా బెర్లిన్‌లోనైనా ఉద్యోగం దరఖాస్తు ముందుకు కదలదు. దళారి ఎవరైనా నమోదు సంగతి తర్వాత చూద్దాం, ముందు డబ్బు కట్టమంటే, అక్కడికక్కడే కుర్చీ వెనక్కి జరుపుకుని లేచి రావచ్చు.